దొర్సాఫ్ అర్జీ, శుద్ధప్రతి

కెర్కెనా దీవి,
3 అక్టోబర్ 2011

అన్నయ్యకు సలాం,

ఫోను చేస్తే ఎత్తి, "ఫోనులో చెప్పినదానికి నకలుండదు, ఉత్తరం రాయి" అని పెట్టేశావు. సరే, రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం. మీ బావ ఫర్హాత్ పొద్దున్నే సముద్రంలో చేపలు పట్టే ఖర్జూరపు మట్టల దడి పాతడానికి వెళ్ళారు. నడుము నొప్పి తగ్గలేదు, నోరూ తగ్గలేదు.

సంగతి మన దొర్సాఫ్‌ది. పది రోజుల కిందట హెడ్మాస్టరు లజ్‌హర్ నన్ను బడికి పిలిపించాడు. ఆయన గదిలో కుర్చీ ఒక్కటే, అది ఆయనది.

"నీ కూతురు ఆరో తరగతికొచ్చి కూడా పేజీ చదవడానికి పావుగంట తీసుకుంటోంది నజీహా. వెనకబడిన పిల్లల తరగతిలో వేస్తాను, ఇదిగో కాగితం, సంతకం పెట్టు" అన్నాడు.

"లెక్కల్లో ఎలా ఉంది, లజ్‌హర్‌గారూ?"

"అది వేరే సంగతి. నోటితో అడిగితే అన్నీ చెప్తుంది. నాకదే అనుమానంగా ఉంది."

"నోటితో అడిగితే ఎవరి దగ్గర చూసి చెప్తుందండీ?"

జవాబుగా ఆయన బడిగంట కొట్టించాడు.

రెండేళ్ళుగా మన దడిలో చేప పడటం లేదని నీకు తెలుసు. మీ బావ ఇరుగుపొరుగు దడుల వాళ్ళనందరినీ తిట్టి అలిసిపోయారు. నెల కిందట మన పిల్ల ఒడ్డున కూర్చుని, "నాన్నా, కొత్త రేవు గోడ కట్టాక నీళ్ళు తిరిగే చోటు మారింది, దడి మూతి మూడు బారలు పడమటికి తిప్పు" అంది. "నువ్వు ముందు నీ పేరు సరిగ్గా రాయి" అన్నారాయన. ఇప్పుడు ఎవరికీ చెప్పకుండా పడమటికే తిప్పి పాతుతున్నారు. అడిగిన వాళ్ళకు తన ఆలోచనే అంటున్నారు.

పిల్లను ఓడెక్కించి స్ఫాక్స్ పట్నం తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించాను. రెండు రోజులు పరీక్షలు పెట్టి, తెలివి చాలా ఎక్కువనీ, అక్షరాలు చదవడంలో, రాయడంలో పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఉందనీ, రెండూ ఒకే పిల్లలో ఉండొచ్చనీ రాసిచ్చింది. జూన్‌లో స్ఫాక్స్ ప్రతిభావంతుల బడికి ప్రవేశ పరీక్ష. దొర్సాఫ్ అది రాయాలి. ప్రశ్నలు చదివి వినిపించే మనిషి ఒకరు, మామూలు సమయం మీద ఒక అరగంట. నేనడిగేది ఇంతే. నువ్వు విద్యాశాఖలో అంత పెద్ద ఆఫీసులో ఉన్నావు కదా, కనుక్కో.

హెడ్మాస్టరు కాగితం మీద సంతకం పెట్టలేదు. పెట్టను.

నీ చెల్లెలు
నజీహా

ఎండబెట్టిన ఆక్టోపస్ పంపుతున్నాను. వదినకు ఇవ్వు, ఆఫీసులో విప్పకు.


ట్యూనిస్,
19 అక్టోబర్ 2011

విషయం: మేనకోడలు దొర్సాఫ్ విద్యాభ్యాసం, సహాయం కోరుట గురించి.
సూచిక: నీ 3వ తేదీ లేఖ, దానితో జతపరచిన ఆక్టోపస్.

చెల్లెలు నజీహాకు సలాం.

పై సూచికలోనివి రెండూ అందినవి. రెండవదాన్ని తనిఖీ నిమిత్తం కార్యాలయంలోనే విప్పవలసి వచ్చింది. మా శాఖ సిబ్బంది మూడు రోజులు కిటికీల వద్ద విధులు నిర్వర్తించారు.

నేను పనిచేసేది బయటికి పోయే కాగితాల శాఖ. పిల్లల వ్యవహారాలు మా పరిధిలోనివి కావు. అయినను రక్తసంబంధాన్ని పురస్కరించుకొని విచారించాను. ప్రతిభావంతులైన పిల్లల దస్త్రాలు రెండవ అంతస్తులో పదకొండవ గదిలో ఉంటాయి. ఇబ్బందులు గల పిల్లల దస్త్రాలు కింది అంతస్తులో నాలుగవ గదిలో ఉంటాయి. పదకొండవ గది ఉద్యోగి డాక్టరమ్మ పత్రం చదివి ఇలా అన్నాడు:

"ఈ పిల్లకు ఇబ్బంది ఉంది గదా, మా దగ్గరికెందుకొచ్చారు తీజానీగారూ? కిందికి వెళ్ళండి."

కింది గది ఉద్యోగి అదే పత్రం చదివి, "ఇంత తెలివైన పిల్లకు మా సాయం దేనికండీ? పైకి వెళ్ళండి" అన్నాడు.

ఈ విధంగా నేను నాలుగు పర్యాయాలు ఎక్కి దిగాను. మధ్యలో డెబ్బైరెండు మెట్లున్నాయి. జనవరిలో అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయినది మొదలు ఇక్కడ చాలా మారాయని రేడియో చెబుతోంది. మా మెట్ల దగ్గర గోడ మీది ఆయన చిత్రపటం మాత్రం తీసేశారు. మేకు ఉంది.

సమగ్ర పరిశీలన అనంతరం నా సలహా ఇది. దృష్టిలోపం గల పిల్లలకు పెద్ద అక్షరాల ప్రశ్నపత్రమూ, అదనపు సమయమూ ఇచ్చే నిబంధన ఇదివరకే ఉంది. చదవలేకపోవడం కంటికి సంబంధించిన విషయమే గనుక, ఒక కంటి డాక్టరు పత్రం సంపాదించు. ఈలోగా వాడుకకు భూతద్దం ఒకటి పంపుతున్నాను. అందినట్టు తెలియజేయగలవు.

ఇట్లు,
తీజానీ


కెర్కెనా,
12 నవంబర్ 2011

అన్నయ్యా,

భూతద్దం అందింది. మీ బావ దానితో గాలాల ముల్లు చూసుకుంటున్నారు. చాలా బాగుందట.

దొర్సాఫ్ కళ్ళకేం రోగం? దూరాన నీళ్ళ మీద చేపల గుంపు కదిలితే ఈ ఒడ్డున అందరికంటే ముందు చూసేది అదే. పండుగకు కొనబోయిన గొర్రెకు ఒక కంట్లో పువ్వుందని మార్కెట్లో కనిపెట్టిందీ అదే, అమ్మినవాడు నాలుగిళ్ళ అవతల దాక్కున్నాడు. లేని గుడ్డితనం ఉందని రాయించుకుని పరీక్షకు వెళ్ళమంటావా? రేపు ఆ బళ్ళో మొదటి రోజే దాని కళ్ళు బయటపడవూ? నా కూతురు దొంగ కాగితంతో ఏ గుమ్మమూ ఎక్కదు. కళ్ళు మంచివి, బుర్ర మంచిది, ఆ రెంటికీ మధ్య అక్షరం దారి తప్పుతోంది. డాక్టరమ్మ రాసిందదే. ఆ కాగితాన్ని నువ్వు మెట్లెక్కించావు, దించావు. చదివావా?

దడిలో చేప పడుతోంది. పండుగ ముందు నాలుగు రోజులు బుట్టలు నిండి వచ్చాయి. "ఎవరు చెప్పారు ఫర్హాత్, మూతి తిప్పమని?" అని పక్క దడి ముసలాయన అడిగితే, మీ బావ ఈసారి చాలాసేపు గొణిగి, "మా పిల్ల" అన్నారు. ముసలాయన నవ్వుతూనే పోయాడు. మర్నాడొచ్చి తన దడి సంగతి కూడా చూడమని పిల్లనే అడిగాడు.

బడిలో మాత్రం నిన్న గట్టిగా చదవమన్నారట. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి పుస్తకం అట్ట చింపి పొయ్యిలో పెట్టి, "అమ్మా, నన్ను ఆ తరగతిలోనే వేసెయ్యమను, అక్కడ ఎవరూ చదవమనరు" అంది. పదకొండేళ్ళ పిల్ల. ఆ మాట ఎందుకు రాస్తున్నానంటే, నీ పదకొండో గదిలోనూ నాలుగో గదిలోనూ ఈ కాగితానికి చోటు లేదు గనుక. నీ బల్ల మీద పెట్టుకో.

నజీహా


ట్యూనిస్,
27 నవంబర్ 2011

విషయం: స్వహస్తంతో అర్జీ సమర్పించుట గురించి.

నజీహాకు సలాం.

నీ లేఖలోని స్వరాన్ని నేను దస్త్రంలో నమోదు చేయలేదు. డాక్టరమ్మ పత్రం మాత్రం చదివాను. రెండుసార్లు.

పరీక్షల సంఘం అధ్యక్షురాలికి, ఏ గదితోనూ నిమిత్తం లేకుండా, అభ్యర్థి స్వహస్తంతో రాసిన అర్జీ నేరుగా సమర్పించుకోవచ్చునని 1987 నాటి ఉత్తర్వు ఒకటి ఉంది. దాన్ని ఎవరూ వాడలేదు, కాబట్టి ఎవరూ రద్దు చేయలేదు. కాగితం బీరువా వెనక పడి ఉంది. నేనూ, మరో ఇద్దరూ కలిసి బీరువా జరిపాము.

దొర్సాఫ్ తన చేత్తోనే రాయాలి. నువ్వు రాస్తే చెల్లదు.

పుస్తకం పొయ్యిలో పెట్టడం ప్రభుత్వ ఆస్తికి నష్టం కిందికి వస్తుందని పిల్లకు నెమ్మదిగా చెప్పు. కోప్పడకు.

తీజానీ


కెర్కెనా,
14 డిసెంబర్ 2011

అన్నయ్యకు,

గాలికి ఓడ నాలుగు రోజులు నడవలేదు, అందుకీ ఆలస్యం. అర్జీ ఇందులో ఉంది. మడత పెట్టకు. అది రాయడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. మొదటి రోజు మూడు కాగితాలు చింపింది. రెండో రోజు కలం విసిరింది, అది కోడికి తగిలింది. మూడో రోజు, "నువ్వు పక్కన ఉండకమ్మా, నీ ఊపిరి వినిపిస్తోంది" అని నన్ను బయటికి పంపి రాసింది.

నేనొక్క అక్షరం ముట్టుకోలేదు. ముట్టుకోవాలని చెయ్యి ఎంత లాగిందో నాకే తెలుసు.

డాక్టరమ్మ చెప్పినట్టు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తున్నాను. ఒక్కో అక్షరం ఒక్కో రోజు. బళ్ళో కొత్తగా వచ్చిన టీచరమ్మ రఫీకా సాయంత్రం అరగంట ఉండిపోతానంది. "ఎందుకమ్మా నీకీ శ్రమ?" అంటే, "నిన్న భిన్నాల లెక్క నాకే మూడో దారిలో చెప్పింది. ఇప్పుడు నాకు నిద్ర పట్టొద్దా?" అంది.

నజీహా


ట్యూనిస్,
9 జనవరి 2012

విషయం: అర్జీ సమర్పించబడినది.

నజీహాకు సలాం.

దొర్సాఫ్ అర్జీ 5వ తేదీన అధ్యక్షురాలి కార్యాలయానికి చేరినది, ముద్ర వేయబడినది. మా శాఖ సంప్రదాయాన్ని అనుసరించి చిత్తుప్రతిని దస్త్రంలో భద్రపరచి, శుద్ధప్రతిని పంపాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా నా బల్ల మీది నుంచి శుద్ధి కాని కాగితం ఒక్కటీ బయటికి పోలేదు. మేనకోడలి కాగితం విషయంలో మరింత శ్రద్ధ వహించాను. గుండ్రని దస్తూరీతో, పిల్లలు రాసినట్టే, నేనే రాశాను. శైలిని గురించి నువ్వు గర్వించవచ్చు.

అనుకూలమైన జవాబును ఆశిస్తున్నాను.

తీజానీ


కెర్కెనా,
2 ఫిబ్రవరి 2012

తీజానీ,

జవాబు వచ్చింది. నకలు కావాలి గదా నీకు, చదువుకో:

"అభ్యర్థిని స్వహస్తంతో సమర్పించిన అర్జీ ఒక్క తప్పూ లేకుండా, ప్రశంసనీయమైన భాషలో ఉన్నందువల్ల, ఆమెకు చదువులోగాని రాతలోగాని ఎట్టి సహాయమూ అవసరం లేదని సంఘం సంతోషంతో నిర్ణయించినది."

దానితో పాటు నీ శుద్ధప్రతిని కూడా తిప్పి పంపారు. "మహారాజశ్రీ అధ్యక్షురాలివారి సముఖమునకు విధేయురాలు విన్నవించుకొను విషయమేమనగా" అట! నా కూతురు రాసింది నీకు చాల్లేదు. మూడు మధ్యాహ్నాలు, ఒక కోడి. దాని వంకర అక్షరం చూసి నీ ఆఫీసు వాళ్ళు నవ్వుతారని నీకు సిగ్గేసింది, అంతేనా? లజ్‌హర్ దాన్ని వెనక తరగతిలో దాచాలనుకున్నాడు. నువ్వు బీరువాలో దాచావు. ఆయన నయం, నన్నడిగాడు.

దొర్సాఫ్ శుద్ధప్రతి పట్టుకుని అక్షరాల మీద వేలు పెట్టి పావుగంట చదివింది. "ఇది నేను కాదు" అంది.

ఇక నువ్వేమీ చెయ్యకు. నేనే వస్తాను.

నజీహా


ట్యూనిస్,
13 ఫిబ్రవరి 2012

విషయం: తప్పిదం, అంగీకారం.

నజీహా,

నీ లేఖ అందినది. నీవు రావలసిన అవసరం లేదు. తప్పు చేసిన శాఖే దాన్ని సవరించాలన్నది నియమం.

సిగ్గు అన్నావు. నేను చాలాసేపు ఆలోచించాను. సిగ్గు కాదు. అలవాటు. కాని ఫలితం ఒకటే గనుక, నీ మాటను ఖండించడం లేదు.

శుక్రవారం దస్త్రంలోంచి చిత్తుప్రతిని తీసి అధ్యక్షురాలి గదికి వెళ్ళాను. ఆమె నా వయసు మనిషి, కళ్ళజోడు మీది నుంచి చూస్తుంది.

"ఇది మీరు దిద్దారా?"

"దిద్దానమ్మా."

"ఎందుకు?"

"తప్పులున్నాయి గనుక."

"ఆ తప్పులే గదయ్యా అర్జీ!" అంది.

తర్వాత దొర్సాఫ్ కాగితం చదివింది. దిద్దేటప్పుడు నేను తప్పులు మాత్రమే చూశాను, అది ఏమి చెబుతోందో చదవలేదు. ఆమె గట్టిగా చదువుతూ ఉంటే మొదటిసారి విన్నాను: "నేను దొర్సాఫ్. ప్రశ్న చెవిలో వేస్తే జవాబు నా దగ్గర ఉంది. కంట్లో వేస్తే దారిలో పడిపోతుంది. నాకు మార్కులు వద్దు. అరగంట ఇవ్వండి, చదివే మనిషినివ్వండి." ఆ గదిలో అటెండరు కూడా ఉన్నాడు. అతను టీ గ్లాసులు తీసుకోవడం మానేసి నిలబడిపోయాడు.

"ఈ కాగితాన్ని నేనే మార్చానని రాసి సంతకం పెడతారా? మీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది, తెలుసుగా?" అంది అధ్యక్షురాలు.

పెట్టాను. ముఖ్య పర్యవేక్షకుడి పదవికి నా పేరు పరిశీలనలో ఉండేది. ఇక ఉండదు. ఈ వాక్యాన్ని సమాచారం నిమిత్తమే రాస్తున్నాను, జవాబు అక్కరలేదు.

పదకొండవ గది, నాలుగవ గది ఉద్యోగులిద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద కావాలట. ఇద్దరూ ఒకరి గదికి ఒకరు రామన్నారు. మెట్ల మధ్యలో, మేకు కింద, బల్ల వేయించాను. ఇద్దరూ అక్కడికి ముప్పైఆరేసి మెట్లు నడిచి వచ్చి సంతకాలు చేశారు. ఇరవై ఏళ్ళుగా ఒకే కట్టడంలో ఉన్నా అదే మొదటిసారి కలవడమట. ఒకరికొకరు పిల్లల పేర్లు అడుగుతుండగా నేను కాగితం తీసుకుని వచ్చేశాను.

దొర్సాఫ్‌తో చెప్పు: మామయ్య క్షమాపణ అడిగాడని. నోటితో చెప్పు.

తీజానీ


కెర్కెనా,
21 ఏప్రిల్ 2012

అన్నయ్యా,

ఉత్తర్వు వచ్చింది. చదివే మనిషి ఒకరు, అరగంట అదనం, "ఇది మినహాయింపు మాత్రమే, ఇతరులకు వర్తించదు" అని కింద గీత కొట్టి మరీ రాశారు. వర్తించదని తెలిసిన మర్నాడే మా వీధిలో ఇద్దరు తల్లులు వచ్చి కాగితం చూపించమన్నారు. ఒకరి కూతురు పాటలు కడుతుంది, అంకెలు తిరగేస్తుంది. చూపించాను. 1987 ఉత్తర్వు నకళ్ళు రెండు పంపు.

క్షమాపణ సంగతి చెప్పాను. "మామయ్యకు రావలసిన పదవి పోయిందా?" అని అడిగింది. పోయిందన్నాను. "అయితే పరీక్ష బాగా రాయాలి" అంది. నేనా బరువు దాని మీద పెట్టకూడదనుకున్నాను. అది దానంతటదే ఎత్తుకుంది.

మీ బావ సాయంత్రాలు ప్రశ్నలు చదివి వినిపిస్తున్నారు. ఆయనే తడబడతారు. "నాన్నా, నువ్వు కూడా ఇసుకలో దిద్దు" అంటోంది. నువ్వు ఓసారి రా. ఆరేళ్ళయింది. ఇంత కోపంగా నిన్ను ఎన్నడూ తలుచుకోలేదు, ఇంత తరచుగానూ తలుచుకోలేదు.

నజీహా


ట్యూనిస్,
6 జూలై 2012

విషయం: ప్రవేశ పరీక్ష ఫలితం.

నజీహాకు సలాం.

జాబితా మా కార్యాలయం గోడకు అతికించారు. లెక్కలు, విజ్ఞానం, మొదటి వరుస. అరబ్బీ వ్రాతలో కనీస మార్కు మీద ఒక్కటి. మొత్తం మీద ప్రవేశం లభించినది. నేను జాబితాను మూడుసార్లు చదివి, చివరికి పదకొండవ గది ఉద్యోగిని పిలిచి గట్టిగా చదివి వినిపించమన్నాను. వినిపించాడు. ఈ మేరకు ధ్రువీకరించడమైనది.

నకళ్ళు రెండు అడిగావు, ఇరవై జతపరిచాను.

తీజానీ


కెర్కెనా,
24 సెప్టెంబర్ 2012

అన్నయ్యకు సలాం,

ప్రతిభావంతుల బడి తెరిచారు. మొదటి రోజే ప్రిన్సిపాల్ మమ్మల్ని పిలిచాడు. ఈయన గదిలో కుర్చీలు ఆరున్నాయి. ఒక్కదానిలోనూ కూర్చోమనలేదు.

"పరీక్ష వరకేనమ్మా ఆ ఉత్తర్వు. ఇక్కడ ప్రశ్నలు చదివి వినిపించేవాళ్ళు ఉండరు. ఇది తెలివైన పిల్లల బడి" అన్నాడు.

నాకు కింది అంతస్తూ పై అంతస్తూ గుర్తొచ్చి ఒళ్ళు మండింది. బయట బెంచీ మీద కూర్చున్నాం. ఎనిమిదింటికి కూర్చున్నాం. పదకొండింటికి ఆయన బయటికొచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నారా?" అన్నాడు. "ఓడ సాయంత్రానికి గదండీ" అన్నాను. ఒంటిగంటకు రొట్టె తిన్నాం. ఆయనకూ పెట్టాం, తీసుకున్నాడు. రెండింటికి లోపలికి పిలిచి, ఈసారి నన్ను కాదు, దొర్సాఫ్‌ను అడిగాడు.

"నీకు చదవడం కష్టమని తెలుసుగా. మరి ఈ బడికే ఎందుకు రావాలని పట్టుపట్టావు?"

"నాకొచ్చినవి మళ్ళీ చెప్పించుకోవడానికైతే ఇంట్లోనే ఉండేదాన్ని సార్" అంది.

ఆయన చాలాసేపు కలం మూత తీశాడు, పెట్టాడు. తర్వాత రాసిచ్చాడు. పరీక్షకు వేరే గది, చదివే టీచరు, అరగంట. "మొదటి మూడు నెలలకే. ఆ తర్వాత చూద్దాం" అన్నాడు.

"చూద్దాం కాదండీ, జనవరి ఏడు సోమవారం, ఎనిమిదింటికి ఈ బెంచీ మీదే ఉంటాను. రెండో మూడు నెలల కాగితానికి" అని చెప్పి వచ్చాను. ఏప్రిల్‌ది కూడా చెప్పాను. రాసుకున్నాడు.

దొర్సాఫ్ హాస్టల్లో దిగింది. వెళ్ళేటప్పుడు వెనక్కి చూడలేదు. నేను చూశాను.

జనవరి ఏడుకు సెలవు పెట్టుకో. బెంచీ పొడుగ్గానే ఉంది.

నీ చెల్లెలు
నజీహా